పొదుపు పద్దులో రాయనివి

పదో తరగతి పిల్లలకు ఆమ్లాలు, క్షారాలు, లవణాల పాఠం ఏటా చెప్తాను. పాలరాతి ముక్క మీద హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే బుసబుసమని పొంగుతుందని, అప్పుడు వచ్చే వాయువు సున్నపుతేటను పాలలా మారుస్తుందని బోర్డు మీద బొమ్మ గీసి చూపిస్తాను. బట్టల సోడా, వంటసోడా, బ్లీచింగ్ పౌడరు కూడా ఆ పాఠంలోవే. వాటి ఫార్ములాలు పిల్లల చేత వల్లె వేయించి, పరీక్షలో మార్కులు ఎక్కడ వస్తాయో చెప్పి, ఇంటికొచ్చి అవే సరుకులతో మా ఇంటి నేలను పాడుచేశాను. మా అత్త ప్రాణం మీదికి తెచ్చాను. మా ఇంట్లో పనిచేసే మనిషి చేతులు పుండ్లు చేశాను. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు. నాలుగు డబ్బులు మిగుల్చుకుందామన్న ఆత్రంలో తెలిసిందంతా పక్కన పెట్టేశాను.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చాక ప్రైవేటు స్కూలు టీచర్ల జీతాలు ఏమయ్యాయో మా కర్నూల్లో ఎవరినడిగినా చెప్తారు. బడి మూతపడింది, ఫీజులు రాలేదు, ఫీజులు రాకపోతే మాకు జీతం లేదు. మా ఆయనకు బట్టల కొట్టులో గుమాస్తా పని. అదీ సగమైంది. పద్దుపుస్తకం పెట్టింది అప్పుడే. ఎడమవైపు ఇంతకుముందు కొనే సరుకు, దాని ధర. కుడివైపు దాని బదులు ఇప్పుడు కొంటున్న చవక సరుకు, దాని ధర. చివర్లో మిగులు. బియ్యం, కందిపప్పు, నూనె జోలికి పోలేదు. పిల్లల తిండి తగ్గించడానికి మనసొప్పలేదు. అందుకని కడిగే, తుడిచే, ఉతికే సరుకుల మీద పడ్డాను. బాత్రూం కడగడానికి లేబులున్న మందు మానేసి తోపుడుబండి మీద అమ్మే తెల్ల ఆసిడ్ కొన్నాను. ఫినాయిల్ మానేసి కిలోల్లెక్కన బ్లీచింగ్ పౌడరు తెచ్చాను. బట్టల పొడికీ గిన్నెల సబ్బుకీ బదులు విడిగా తూచి ఇచ్చే బట్టల సోడా. నెలాఖరున కింద గీత గీసి మిగులు మొత్తం కూడుతుంటే నాకు నిజంగా సంతోషంగా ఉండేది. సంపాదన ఆగిపోయిన రోజుల్లో ఇంటికి నేను ఏదో ఒకటి చేస్తున్నానని చెప్పుకోవడానికి నాకున్నది ఆ గీత ఒక్కటే.

బడులు తెరిచి, జీతాలు మళ్లీ మొదలయ్యాక కూడా ఆ పుస్తకం ఆపలేదు. కష్టకాలంలో చేసిన పనులకు ఒక సాకు ఉంది. తర్వాత చేసినవాటికి లేదు. నేనిక్కడ చెప్పేవన్నీ తర్వాత చేసినవో, తర్వాత కూడా ఆపనివో.

ముందు నేల సంగతి.

మా ఇల్లు మామ కట్టించింది. పరిచినవి బేతంచెర్ల బండలు. కర్నూలు, నంద్యాల వైపు పాత ఇళ్లలో ఎక్కడ చూసినా అవే. అది సున్నపురాయి. భూగర్భ శాస్త్రం చదివినవాళ్లు నార్జి సున్నపురాయి అంటారు. పొరలు పొరలుగా ఉండి పలకల్లా లేస్తుంది కాబట్టి నాపబండలకు పనికొచ్చింది. మా వైపు సిమెంటు ఫ్యాక్టరీలు రావడానికి కారణం సున్నపురాయే, బేలం గుహలు ఏర్పడడానికి కారణమూ సున్నపురాయే. 3,229 మీటర్ల పొడవున్న ఆ గుహలను ఎవరూ తవ్వలేదు. నేలలోకి దిగే నీళ్లు గాలిలోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడును కలుపుకుని రవ్వంత ఆమ్లంగా మారి, లక్షల ఏళ్ల పాటు రాయిని కరిగించుకుంటూ పోతే అయిన దారులవి. అంత పలచని ఆమ్లానికే కరిగే రాయి. పిల్లలను విహారయాత్రకు అక్కడికి తీసుకుపోయి, గుహలో నిలబడి, గోడ మీద చెయ్యి పెట్టి ఈ మాట చెప్పినదాన్ని నేను.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి పొంగి కర్నూలు మునిగినప్పుడు మా ఇంట్లో నీళ్లు కిటికీల పైదాకా వచ్చాయి. వరద తీశాక చూస్తే గదులనిండా ఒండ్రు. బీరువా తలుపులు ఉబ్బి తెరుచుకోలేదు. పరుపులు, పుస్తకాలు, పెళ్లి ఫొటోలు అన్నీ ముద్దలై వీధిలోకి పోయాయి. మామ అప్పటికి ఉన్నారు. పారలతో బురద ఎత్తి, బిందెలతో నీళ్లు కొట్టి, కొబ్బరిపీచు పెట్టి రుద్దితే, కింద బండలు ఎట్లా ఉన్నవి అట్లా బయటపడ్డాయి. ఆ ఇంట్లో వరద ఏమీ చేయలేకపోయింది నేలనొక్కదాన్నే.

దాని మీద నేను ఆసిడ్ పోశాను. వసారాలో బోరునీళ్ల తొట్టి పక్కన తెల్లగా పొర కట్టింది. ఉప్పునీళ్లు పడి, ఆరి, పడి, ఆరి పేరుకునే పొర. అందులో ఎక్కువ భాగం కాల్షియం కార్బనేటే. దాన్ని ఆసిడ్ తీసేస్తుందని నాకు తెలుసు. కింద ఉన్న బండ కూడా అదేనని తెలిసీ ఆ క్షణాన తట్టలేదు. బండి మీద కొన్న సీసా మూత తీసి, నీళ్లయినా కలపకుండా ఒలకబోశాను. తెల్లటి నురగ నేలంతా పొంగింది. ఏటా నేను బోర్డు మీద గీసే బొమ్మే అది. నేనేమో మురికి పొంగి బయటికొస్తోందని సంబరపడ్డాను. కడిగి ఆరాక చూస్తే పొర పోయింది, దాంతోపాటు మెరుపూ పోయింది. ఆసిడ్ పారినంత మేర బూడిదరంగు చారలు పడ్డాయి. అరచెయ్యి ఆనిస్తే గరుకు.

అక్కడితో ఆపినా వసారాలో ఒక మూలే పోయేది. ఆ చారలు కొట్టొచ్చినట్టు కనబడకూడదంటే మిగతా నేల కూడా అదే రంగుకు రావాలనుకున్నాను. ఇంకో సీసా కొని హాలు కడిగాను, వంటిల్లు కడిగాను. మొదటి మూలను తొందరపాటుతో చెడగొట్టాను. మిగతా ఇల్లు చెడగొట్టించింది మాత్రం చేసిన తప్పు ఇంట్లో చెప్పాల్సి వస్తుందన్న భయం. అత్త వసారాలోకి వచ్చి, గోడ పట్టుకుని వంగి, బండను వేళ్లతో తడిమి, “బండే గదా, దానికేమైతాదిలే అనుకుంటివా?” అని మాత్రం అడిగింది.

నునుపు పోయిన బండ మురికిని పట్టేసుకుంటుంది. కాఫీ ఒలికితే అరగంటలో మరక. పసుపు పడితే పోదు. ఇంతకుముందు ఒక బకెట్టు నీళ్లతో తుడుచుకునే హాలుకు రెండు మూడు బకెట్లు పడుతున్నాయి. నాపరాయికి మళ్లీ పాలిష్ పట్టేవాళ్లను పిలిపించాం. సామాను బయట పెట్టించి, రోలింగ్ మిషన్ తెచ్చి, రకరకాల రాళ్లు మార్చి మార్చి అరగదీశారు. పాతకాలం బండలు అన్నీ ఒక మందం ఉండవు కాబట్టి అంచుల దగ్గర మిషన్ ఎగిరింది. అడుగుకింత అని వాళ్లు తీసుకున్నది కూడితే, నేను అన్నేళ్లలో ఫినాయిలు మీద మిగిల్చినదానికి ఎన్నో రెట్లు. హాలు వరకే చేయించగలిగాం. వంటిల్లు అట్లాగే ఉంది.

ఇది మా బేతంచెర్ల బండలకే అని అనుకోకండి. తాండూరు బండ, షాబాదు బండ, వంటింటి గట్టు మీద వేసే కడప నల్లబండ, పాలరాయి అన్నీ ఈ కోవలోవే. ఆసిడే అక్కర్లేదు, నిమ్మచెక్క పెట్టి రుద్దినా, వెనిగరు పోసినా మచ్చ పడుతుంది. ఈమధ్య చాలామంది నిమ్మ, బత్తాయి తొక్కలు బెల్లం నీళ్లలో నెలల తరబడి పులియబెట్టి, ఆ పులుపునీళ్లతో ఇల్లు తుడుచుకుంటున్నారు. టైల్సు మీద అయితే ఫరవాలేదు, నాపరాయి మీద వద్దు. గ్రానైటు తత్వం వేరు, దానికి ఇంత బెడద లేదు. టైల్సుకు కూడా గాఢమైన ఆసిడ్ పోస్తే పైన మెరుపు నిలిచినా, మధ్య సందుల్లో సిమెంటును తినేస్తుంది. అక్కణ్ణుంచి నీళ్లు దిగి కింది ఇంటి పైకప్పు చెమ్మపడుతుంది. నాపరాయికి కావలసింది మామూలు నీళ్లు, ఎప్పుడైనా చెంచాడు సబ్బునీళ్లు, పీచు. మామ ఉన్నన్నాళ్లూ మా ఇంట్లో జరిగింది అదే. అంతకంటే చవకైనది ఏముంటుంది? నేను చవకదాన్ని మానేసి డబ్బు పెట్టి ఆసిడ్ కొన్నాను.

బాత్రూంలో జరిగింది రాయడానికి చెయ్యి రావడం లేదు. కానీ ఎవరికైనా పనికొచ్చేది ఇందులో ఉంటే అదే.

కరోనా రోజుల్లో వీధుల్లో హైపోక్లోరైట్ ద్రావణం చల్లడం, గడపల ముందు బ్లీచింగ్ చల్లడం అందరం చూశాం. మా ఇంట్లో బ్లీచింగ్ సంచి అప్పుడు చేరింది. కమోడు లోపల బోరునీళ్ల పచ్చని పొర కడితే, రాత్రి దాని నిండా బ్లీచింగ్ చల్లి వదిలేశాను. తెల్లారి చూస్తే పొర కదల్లేదు. కదలదు. రంగును తెల్లబరచడం, క్రిములను చంపడం బ్లీచింగ్ పని. సున్నపు పొరను కరిగించడం ఆసిడ్ పని. సరే, ఆసిడే పోద్దామని సీసా తెచ్చి, ఆ బ్లీచింగ్ మీదే పోశాను. ఘాటు వాసన ఇంట్లోకి రాకూడదని తలుపు మూసి, వెంటిలేటరు కూడా తెరవలేదు. గొంతు పట్టేసినట్టయింది. ఆసిడ్ ఘాటు మామూలే అనుకుని, కాసేపు నాననిద్దామని బయటికొచ్చి వంటపనిలో పడ్డాను. అత్తకు చెప్పలేదు. ఆమె ఉబ్బసం మనిషి. మోకాళ్ల నొప్పులు, లోపలికి వెళ్తే త్వరగా లేవలేదు. ఆమె తలుపు తీసుకుని లోపలికి పోయింది.

బ్లీచింగ్ పౌడరూ ఆసిడూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. లేత ఆకుపచ్చ, పసుపు కలిసిన రంగు. గాలికంటే రెండున్నర రెట్లు బరువు కాబట్టి పైకి పోదు, నేల దగ్గరే నిలిచిపోతుంది. కూర్చున్న మనిషికి నిలబడ్డ మనిషికంటే ఎక్కువ తగులుతుంది. లోపల తడికి తగలగానే ఆమ్లంగా మారి గొంతును, ఊపిరితిత్తులను కాలుస్తుంది. 1915 ఏప్రిల్లో బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం యుద్ధంలో ఎదుటివాళ్ల కందకాల మీదికి వదిలింది ఈ వాయువునే. కందకాల్లోకి దిగి నిలిచిపోయింది కాబట్టే అంతమంది చచ్చిపోయారు. ఇదంతా నాకు తెలిసిన సంగతి, తరగతిలో చెప్పిన సంగతి.

అత్త దగ్గు విని పరుగెత్తేసరికి ఆమె గడప దగ్గర కూలబడి ఉంది. కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి, మాట రావడం లేదు. మా ఆయనా నేనూ ఎత్తుకుని బయటి అరుగు మీద కూర్చోబెట్టి, ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం. ఆక్సిజన్ పెట్టారు, నెబులైజరు పెట్టారు. “రెండూ కలిపారా?” అని డాక్టరు అడిగారు. కలిపానని చెప్పాను. ఏం చదువుకున్నారని ఆయన అడగలేదు. అడిగినా బాగుండునని అప్పుడనిపించింది. అంతకుముందు చలికాలంలో మాత్రం వచ్చే ఆయాసం ఆమెకు ఇప్పుడు పోపు ఘాటుకు కూడా వస్తోంది. ఇన్‌హేలరు దిండు కింద ఉంటుంది. ఆ మందుల ఖర్చు మా ఇంట్లో ఇక నెలనెలా ఉండే ఖర్చు.

కమోడుకు పట్టిన పొర తీయాలంటే లేబులు మీద ఎంత శాతమో రాసి ఉన్న క్లీనరు చాలు. సుమారు పది శాతం ఆమ్లం ఉంటుంది, కాస్త చిక్కగా ఉండి గోడకు అంటుకుంటుంది. పోసి, అరగంట వదిలేసి, బ్రష్షుతో రుద్దాలి. ఆ అరగంట ఓపిక పట్టలేకనే మనం గాఢమైనది వెతుకుతాం. బండి మీద సీసాలో ఎంత గాఢత ఉందో అమ్మేవాడికే తెలియదు. ఆసిడ్ దాడుల కేసులో 2013లో సుప్రీంకోర్టు చిల్లర అమ్మకాలకు కట్టుబాట్లు పెట్టింది. కొనేవాళ్ల వివరాలు రాసుకోకుండా అమ్మకూడదు. నా పేరు ఎవరూ రాసుకోలేదు, నేనూ అడగలేదు. బ్లీచింగ్ వాడాలంటే అదొక్కటే, వేరే రోజున, ఆసిడ్ జాడ లేకుండా నీళ్లతో కడిగిన తర్వాతే. రెండూ ఒకే అరలో ఉంచకండి. ఎప్పుడైనా కలిసి ఘాటు వస్తే, కడుగుదామని లోపలికి పోకుండా అందరూ బయటికి వచ్చేయండి, తలుపులు తెరిచి వదిలేయండి.

ఇంత జరిగాక పుస్తకం తీసి ఆసుపత్రి బిల్లు ఎక్కడ రాయాలో తెలియక కూర్చున్నాను. నా పద్ధతిలో దానికి గడి లేదు. మా పాప ఇంటర్ చదువుతోంది. పుస్తకం తిరగేసి, “అమ్మా, గీజరు ఎక్కడ రాశావు?” అని అడిగింది. రాయలేదు. గీజరు కొనే సరుకు కాదు గదా, దాని బదులు చవకది తెచ్చేదేముంది?

ఇద్దరం కలిసి లెక్క వేశాం. మా గీజరు 2,000 వాట్లు. అది నిండుగా కాగుతూ గంట నడిస్తే రెండు యూనిట్లు. పొద్దున్న మొదటి స్నానానికి స్విచ్ వేస్తే చివరివాళ్లు అయ్యేదాకా ఎవరూ కట్టేయరు. పైగా వేసవిలో సుంకేసుల బ్యారేజీ నీళ్లు చాలక బోరు మీద ఆధారపడే వీధి మాది. ఆ ఉప్పునీళ్లు గీజరు కాయిలుకు పొర కట్టి, నీళ్లు కాగడానికి పట్టే సేపు పెంచేశాయి. పాత ఫ్యాన్లు ఒక్కొక్కటి 75 వాట్లు. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 34 యూనిట్లు దగ్గర. కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాన్లు 30 వాట్లతో నడుస్తాయి, ఒక్క ఫ్యానుకే నెలకు 20 యూనిట్లు తేడా. అత్త గదిలో ఫ్యాను పగలూ రాత్రీ తిరిగేదే. మొదట దాన్నే మార్చాం.

స్టవ్ బర్నరు చిల్లులు పూడుకుపోయి మంట పసుపుగా వస్తున్నా నేను పట్టించుకోలేదు. పసుపు మంటంటే గ్యాసు సరిగా మండడం లేదని అర్థం. గ్యాసూ వృథా, గిన్నెల అడుగున మసి. ఆ మసి పోవడానికి మళ్లీ సోడా! బర్నరు విప్పి పిన్నీసుతో చిల్లులు పొడిచి కడిగితే పైసా ఖర్చు లేకుండా రెండూ తీరాయి. పప్పు నానబెట్టి కుక్కరు పెట్టడం, కూరకు మూత పెట్టడం మా అమ్మ చేసేదే, నేను మరిచిపోయాను.

బట్టల దగ్గర కూడా తెలివి అటూ ఇటూ అయింది. ఉప్పునీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఉంటాయి. సబ్బు ముందు వాటితో కలిసి తెట్టు కట్టి, ఆ తర్వాతే మురికి జోలికి పోతుంది. అందుకే బోరునీళ్లలో ఎంత రుద్దినా నురగ రాదు, బిళ్ల మాత్రం అరిగిపోతుంది. కుళాయి నీళ్లు వచ్చిన రోజు ఉతుక్కుంటే సబ్బు సగం పడుతుంది. బోరునీళ్లే దిక్కయితే బకెట్టుకు చిటికెడు బట్టల సోడా వేస్తే కాల్షియం అడుక్కి దిగుతుంది. సోడా అసలు పని అది, చిటికెడు చాలు. నేను గుప్పెడు వేశాను. మిషన్లో కూడా నురగ ఎక్కువైతే మురికి ఎక్కువ పోయినట్టు కాదు, రెండోసారి జాడించడానికి నీళ్లు, కరెంటు ఎక్కువ పోయినట్టు. పట్టుచీరలకు, బంగారానికి కుంకుడు రసం కంటే మంచిదీ లేదు, చవకదీ లేదు. వంటసోడా, వెనిగరు కలిపి పొంగించి సింకులో పోయడం కూడా చేశాను. అవి రెండూ కలవగానే ఒకదాన్నొకటి చంపుకుంటాయి, మిగిలేది ఉప్పునీళ్ల లాంటిదే. విడివిడిగా అయితే దేని పని అది చేస్తుంది.

కొట్టులో కూడా చూడాల్సింది నేను చూడలేదు. పది రూపాయల ప్యాకెట్టు పది రూపాయలే, లోపలి గ్రాములు తగ్గుతూ పోతాయి. ఇప్పుడు ప్యాకెట్ల మీద గ్రాముకింత, మిల్లీలీటరుకింత అని ధర విడిగా వేస్తున్నారు. పెద్ద డబ్బా ఎప్పుడూ చవక అనుకునేదాన్ని. ఆ అంకె చూడటం మొదలుపెట్టాక షాంపూ లాంటివాటిలో చిన్న ప్యాకెట్టే చవక పడటం కళ్లారా చూశాను.

ఇవన్నీ సరిదిద్దుకోగలిగినవి. అక్క సంగతి అట్లాంటిది కాదు.

నేను కాపురానికి వచ్చేనాటికే అక్క మా ఇంట్లో పని చేస్తోంది. నన్ను టీచరమ్మా అంటుంది, వయసులో నాకంటే పెద్దది కాబట్టి నేను అక్కా అంటాను. లాక్‌డౌన్ ఎత్తేశాక, “రోజు మార్చి రోజు రా అక్కా, సగం జీతం ఇస్తా” అన్నాను. ఆమె సరేనంది. అనక ఏం చేస్తుంది? రెండు రోజుల గిన్నెలు ఒకసారి పడేవి. మెతుకులు ఎండి, పాల తపేలా అడుగు గట్టిపడి, పని తగ్గకపోగా పెరిగింది. అంటే మునుపటి పనంతా సగం జీతానికి చేయించుకున్నాను. పుస్తకంలో నెలనెలా పెద్ద అంకె అదే. మిగతా సరుకులన్నీ కలిపినా దాని దగ్గరికి రావు. నా పొదుపులో నిజంగా మిగిలింది అక్క జీతమే.

ఆ గిన్నెలు తోమడానికి ఆమెకు నేనిచ్చింది నీళ్లలో కలిపిన సోడా. అది జిడ్డును సబ్బుగా మార్చి లాగేస్తుంది. గిన్నెకున్న జిడ్డు, చేతికున్న జిడ్డు అని తేడా చూడదు. అల్యూమినియం తపేలాలు నల్లబడితే, సోడా పడదని గుర్తొచ్చి వాటికి మాత్రం వేరే సబ్బు తెప్పించాను. తపేలాల మీద ఉన్న చూపు నాకు ఆ చేతుల మీద లేదు. ఆమె వేళ్ల సందుల్లో పగుళ్లు, గోళ్ల పక్కన పుండ్లు. కొబ్బరినూనె రాసుకుని వచ్చేది. ఆ నూనె వాసన రోజూ వచ్చేది నాకు, ఎందుకు రాసుకుంటోందో ఒక్కనాడూ అడగలేదు.

ఒకరోజు మధ్యాహ్నం అన్నం పెడుతూ ఊరగాయ వేయబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది. “వద్దు టీచరమ్మా, వేళ్లు మండుతాయి. ఇంట్లో జొన్నరొట్టె కూడా తట్టలేకుండాను, కోడలే చేస్తాంది” అంది. ఫిర్యాదు లాగా చెప్పలేదు. ఊరగాయ ఎందుకు వద్దో చెప్పిందంతే. నేను ఆ చెయ్యి పట్టుకుని చూడటం అదే మొదటిసారి. జొన్నరొట్టె తట్టడమంటే మా వైపు ఆడమనిషికి ఎంత చేతివాటమో, ఆ పని ఇంకొకరికి అప్పజెప్పాల్సి రావడమంటే ఏమిటో మా వాళ్లకు చెప్పనక్కర్లేదు.

సోడాతో గిన్నెలు తోమించడం ఆ రోజే మాన్పించాను. సబ్బు తెచ్చాను. ఎక్కువ జిడ్డున్నవాటికి ముందు శనగపిండితోనో తవుడుతోనో తుడిచి తర్వాత సబ్బు పెట్టమన్నాను. ఆ చిట్కా ఆమె చెప్పిందే, నేనే మునుపు విననిది. రబ్బరు గ్లౌజులు కూడా కొనిచ్చాను. గిన్నె జారుతుందని ఆమె వేసుకోదు. చర్మం డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. వేళ్లు మానడానికి నెలలు పట్టింది. చిటికెన వేలు పక్కన పగులు చలికాలం వస్తే ఇంకా తెరుచుకుంటుంది.

జీతం ముందటి లెక్కకు తెచ్చాను. ఆపైన, నా జీతం పూర్తిగా రావడం మొదలైన నెల నుంచి ఆమెకు తక్కువిచ్చిన సొమ్మంతా ఆ పుస్తకంలోంచే కూడాను. అన్ని అంకెలూ నా చేతిరాతలోనే, మిగులు గడిలోనే ఉన్నాయి. డబ్బు కవరులో పెట్టి ఇస్తే అక్క లెక్కపెట్టుకుని తీసుకుంది. “ఇది అప్పుడే ఇచ్చింటే చిన్నోని కాలేజీ ఫీజుకు వడ్డీకి తెచ్చేదాన్ని కాదు గదా టీచరమ్మా” అంది. ఎంత వడ్డీకని అడిగాను. నూటికి మూడు రూపాయలు, నెలకు. నేనిచ్చిన డబ్బు అసలులో కొంతకే సరిపోయింది. మిగతా అసలు తానే తీరుస్తానని పట్టుబట్టింది. వడ్డీ మాత్రం నెలనెలా నేను కడుతున్నాను. ఆ అప్పు ఇంకా తీరలేదు.